శిబిరం పిల్లలు, వాడ పిల్లలు, ఒకే బంతి: చెన్నైలో కలిపి ఫుట్‌బాల్ ఆడించే పద్ధతి

బంతి ఇచ్చి వదిలేస్తే పిల్లలే కలిసిపోతారని చాలామంది నమ్ముతారు. అలా వదిలేస్తే జరిగేది వేరు. శరణార్థి శిబిరం పిల్లలు ఒక జట్టు, చుట్టుపక్కల వాడ పిల్లలు ఒక జట్టు అవుతారు. పావుగంటలో స్కోరు ఐదు-సున్నా, అరగంటలో ఎవరో ఎవరినో తిడతారు, మర్నాడు ఒక పక్షం రాదు. ఆట కలపగలదు, కానీ జట్లు ఎలా వేశారు, ఎన్ని గంటలకు పెట్టారు, విజిల్ ఎవరి చేతిలో ఉంది, ఆట అయ్యాక ఏం చేశారు అన్నవాటి మీదే అది ఆధారపడుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ నాలుగింటి చుట్టూ తిరుగుతుంది. మాధవరం, పుళల్, రెడ్‌హిల్స్, కొరుక్కుపేట, గుమ్మిడిపూండి వైపు ఉండే తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. మిగతాచోట్ల వాళ్లు పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

ముందు ఎవరితో ఆడిస్తున్నారో తెలుసుకోండి

1983 అల్లర్ల తర్వాత సముద్రం దాటి వచ్చిన శ్రీలంక తమిళ కుటుంబాలకు తమిళనాడు అంతటా ప్రభుత్వ శిబిరాలున్నాయి. చెన్నైకి ఉత్తరాన పుళల్, ఇంకా పైన ఆంధ్ర సరిహద్దు దగ్గర గుమ్మిడిపూండి శిబిరాలు వాటిలోవే. 2021లో రాష్ట్ర ప్రభుత్వం 'శరణార్థి శిబిరం' అనే పేరు తీసేసి 'శ్రీలంక తమిళుల పునరావాస శిబిరం' అని మార్చింది. మీ కాగితాల్లోనూ ఆ పేరే రాయండి, ఆఫీసుల్లో పని సులువవుతుంది. నగరం దక్షిణ అంచున కొన్ని రోహింగ్యా కుటుంబాలున్నాయి. వాళ్ల దగ్గర ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు మాత్రమే ఉంటుంది. 1951 శరణార్థి ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. అందుకే ఈ రెండు వర్గాలకూ దక్కేది ఒకే రకం భద్రత కాదు. ఒక వర్గానికి పనికొచ్చిన పద్ధతి రెండోదానికి పనికొస్తుందని అనుకోవద్దు.

ఇంకో సంగతి. పుళల్‌లో మీ మైదానానికి వచ్చే పన్నెండేళ్ల పిల్ల యుద్ధం చూసి ఉండదు. ఆ పిల్ల పుట్టింది ఇక్కడే, చాలాసార్లు వాళ్ల అమ్మ పుట్టింది కూడా ఇక్కడే. అయినా పౌరసత్వం లేదు. 1987 జూలై 1 నుంచి ఇక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఆ నిబంధన ఇంకా బిగిసింది. కాబట్టి 'మీ దేశం ఎప్పుడు వెళ్తారు?' అని సరదాకైనా అడగకండి, మీ వాలంటీర్లను అడగనివ్వకండి. 2022 ఆర్థిక సంక్షోభంలో కొత్తగా వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల పిల్లల తీరు వేరుగా ఉంటుంది, ఆ మాట కింద చెబుతాం.

బంతి కొనే ముందు తిరగాల్సిన చోట్లు

శిబిరంలోకి బయటివాళ్లు ఊరికే వెళ్లకూడదు, అనుమతి కావాలి. అనుమతి ఎవరిస్తారో తహసీల్దార్ కార్యాలయంలో కనుక్కుని ఒక పేజీ దరఖాస్తు ఇవ్వండి. ఆట ఎక్కడ, వారంలో ఏ రోజులు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, పిల్లల వయసు, బాధ్యత వహించే ఇద్దరు పెద్దల పేర్లు రాస్తే చాలు. సంస్థ చరిత్ర, ఆశయాలు అక్కర్లేదు. ఒక నకలు స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి.

తర్వాత శిబిరం పెద్దను కలవండి. అక్కడ ఆయన్ను తలైవర్ అంటారు. ఆయన ఒప్పుకున్నంత మాత్రాన అందరూ ఒప్పుకున్నట్టు కాదు, ఆడపిల్లల విషయంలో మరీను. శిబిరంలో సాయంత్రం బడి నడిపే అక్కలను, స్వయం సహాయక బృందాల ఆడవాళ్లను విడిగా కలవండి. 1984లో ఎస్.సి. చంద్రహాసన్ నాయకత్వంలో శరణార్థులే చెన్నైలో ఏర్పాటు చేసుకున్న ఓఫర్ సంస్థకు శిబిరాల్లో దశాబ్దాల పరిచయం ఉంది. అలాంటి వాళ్ల ద్వారా వెళ్తే సగం అనుమానాలు మొదటిరోజే తీరిపోతాయి.

తలైవర్‌ను తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: అధికారులు హాజరు పిలిచే రోజులు ఏవి? ఆ రోజు ఇంట్లో లేకపోతే కుటుంబానికి వచ్చే సాయానికే ఎసరు రావచ్చు. అలాంటి రోజున మ్యాచ్ పెట్టి 'శిబిరం పిల్లలకు క్రమశిక్షణ లేదు' అని చెప్పే నిర్వాహకులు ఉన్నారు. తప్పు పిల్లలది కాదు, క్యాలెండర్‌ది.

స్థానికుల వైపు కూడా ఇంతే శ్రద్ధ పెట్టండి. మైదానంలో ఇప్పటికే ఆడుతున్న కుర్రాళ్లుంటారు, ఎక్కువగా క్రికెట్. వాళ్లను పక్కకు జరిపి మీ కోన్లు పెడితే మొదటి రోజే శత్రువులు తయారవుతారు. వాళ్ల కెప్టెన్‌తో మాట్లాడి వారంలో రెండు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున అడగండి. కార్పొరేషన్ మైదానమైతే జోన్ కార్యాలయంలో లిఖితంగా అనుమతి తీసుకోండి. పుళల్ ప్రాంతం మాధవరం జోన్ కిందికి వస్తుంది.

మైదానం

శిబిరం లోపల పెట్టకండి. లోపల పెడితే వాడ పిల్లలు రారు, వచ్చినా అతిథుల్లా ఉంటారు. వాడ నడిబొడ్డునా వద్దు. రెండు వైపుల నుంచీ పదిహేను నిమిషాల్లో నడిచి వచ్చే చోటు వెతకండి. ప్రభుత్వ పాఠశాల మైదానమైతే మేలు. మరుగుదొడ్డి, కుళాయి, ప్రహరీ మూడూ ఒక్కచోటే దొరుకుతాయి.

ఇరవై నాలుగు మందికి రెండు చిన్న కోర్టులు కావాలి. ఒక్కోటి 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, మధ్యలో 3 మీటర్ల ఖాళీ. అంటే మొత్తం 30 × 43 మీటర్లు. గీతలు ముగ్గుపిండితో గీయండి. సున్నం వద్దు, కంట్లో పడితే కాలుతుంది. గోలు వెడల్పు రెండు మీటర్లు చాలు, గోల్‌కీపర్ అక్కర్లేదు. కీపర్‌ను పెడితే ప్రతిసారీ ఎవరూ పట్టించుకోని పిల్లనో పిల్లవాడినో అక్కడ నిలబెడతారు, ఆ పిల్లలు ఎవరో మీరు ఊహించగలరు. ఇనుప గోలుపోస్టులు దొరికినా నేలకు గట్టిగా బిగించకపోతే వాడకండి. అవి పిల్లల మీద పడితే ప్రాణాలు పోతాయి. రెండు కోన్లు పెట్టుకుంటే ఏ గొడవా లేదు.

ఆటకు ముందు నలుగురు పెద్దలు వరసగా చేయి దూరంలో నిలబడి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. సీసా పెంకులు, మేకులు, పల్లేరు కాయలు ఏరాలి. పల్లేరు కాయ కాలికీ బంతికీ రెండింటికీ శత్రువే.

వేళ విషయంలో చెన్నై వాతావరణానికి మనమే తలవంచాలి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు పొద్దున ఆరు నుంచి ఏడున్నర లోపు ముగించండి. రోహిణి కార్తెలో సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టడం పొరపాటు, నేల ఇంకా కాలుతూనే ఉంటుంది. నవంబరులో సూర్యుడు ఐదు నలభై ప్రాంతంలోనే దిగిపోతాడు కాబట్టి నాలుగింటికి మొదలు. ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, వారం వారం ఆట రద్దవుతుంది. బడిలో ఒక గది ముందే అడిగి పెట్టుకోండి. ఉరుము వినిపిస్తే ఆపేయాలి. చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాల దాకా బయటికి రానివ్వకండి.

సామాను

పన్నెండేళ్ల లోపు వాళ్లకు నాలుగో సైజు బంతి, ఆ పైన ఐదో సైజు. ఐదో సైజు చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. అది చిన్నపిల్లల కాలికి బరువు, కొత్తగా నేర్చుకునేవాళ్లు తన్నాలంటే జంకుతారు. ఇరవై నాలుగు మందికి పన్నెండు బంతులు, అంటే ఇద్దరికొకటి. ఒకే బంతితో వరుసలో నిలబెట్టి ఆడిస్తే పిల్లల చేతులకు పని ఉండదు, ఖాళీ చేతులు గొడవలు వెతుక్కుంటాయి. నెహ్రూ స్టేడియం పక్కన పెరియమేట్‌లో క్రీడా సామాన్ల దుకాణాలు వరసగా ఉంటాయి, డజను లెక్కన బేరం కుదురుతుంది. గరుకు నేల మీద కుట్టిన బంతి పైపొర త్వరగా లేచిపోతుంది, రబ్బరు బంతి ఎక్కువ కాలం ఆగుతుంది కానీ ఉత్త కాళ్లకు దెబ్బ. మెత్తటి ఇసుక నేలైతే కుట్టిన బంతే కొనండి.

పంపు ఒకటి, సూదులు నాలుగు. సూదిని పొడిగా గుచ్చితే వాల్వు చిరుగుతుంది. ఒక చుక్క గ్లిజరిన్ రాసి గుచ్చండి. కోన్లు నలభై. బిబ్బులు, అంటే జట్టు గుర్తుకు చొక్కా మీద తొడుక్కునే రంగు పైతొడుగులు, నాలుగు రంగుల్లో ఆరేసి చొప్పున ఇరవై నాలుగు. ఎవరికీ శాశ్వతంగా ఇవ్వకండి, ఆటయ్యాక ఉతికి తేవడం వారానికొక జట్టు వంతు. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు. ప్రథమ చికిత్స పెట్టెలో గాజు బట్ట, క్రేప్ బ్యాండేజీ, యాంటీసెప్టిక్, ఐస్ ప్యాక్, ఓఆర్ఎస్ పొట్లాలు పది, శానిటరీ ప్యాడ్లు ఒక ప్యాకెట్టు. ఓఆర్ఎస్ అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు.

బూట్ల సంగతి జాగ్రత్త. సగం మందికి బూట్లుండి సగం మంది ఉత్త కాళ్లతో ఆడితే వేళ్లు విరుగుతాయి. అందరూ ఉత్త కాళ్లే, లేకపోతే అందరూ కాన్వాసు బూట్లే. దాత ఎవరైనా 'శరణార్థి పిల్లలకు మాత్రమే' బూట్లు ఇస్తామంటే మర్యాదగా వద్దనండి. కొరుక్కుపేటలో పారిశుద్ధ్య పనికి పోయే తెలుగు తల్లి కూతురికీ బూట్లు లేవు. ఆ పిల్ల ముందు ఇంకో పిల్లకు కొత్త డబ్బా విప్పితే మీరు నెలరోజులు కట్టింది పది నిమిషాల్లో కూలుతుంది.

పేర్లు రాసుకోవడం

పేరు, వయసు, పెద్దల ఫోను, ఆయాసం లేదా మూర్ఛ లాంటివి ఏవైనా ఉంటే ఆ వివరం, ఇంటికి ఎవరితో వెళ్తారు. అంతే. ఆధార్ అడగకండి, ఏ కార్డు నకలూ తీసుకోకండి. కాగితం అంటేనే ఈ కుటుంబాలకు గుండె దడ. ఫారం తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి, చదవలేని తల్లిదండ్రులకు గట్టిగా చదివి వినిపించాలి. 'ఎక్కడి నుంచి వచ్చారు' అనే గడి మీ ఫారంలో ఉంటే కొట్టేయండి. ఎవరు ఏ వైపు వారో పరిచయమైతే మీకే తెలుస్తుంది, రికార్డు కావాలంటే మీ సొంత పుస్తకంలో చుక్క పెట్టుకోండి.

వయసు గుంపులు మూడు: 10 నుంచి 12, 13 నుంచి 15, 16 నుంచి 18. పదహారు దాటిన శిబిరం అబ్బాయిల్లో చాలామంది పెయింటింగ్ లాంటి కూలి పనులకు పోతారు. వాళ్లకు ఆదివారం సాయంత్రం తప్ప వీలుండదు. ఆరుగురు పిల్లలకొక పెద్ద చొప్పున నలుగురు పెద్దలుండాలి, అందులో ఇద్దరు ఆడవాళ్లు.

జట్లు వేయడం: అసలు పని ఇక్కడే

'ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కరిని ఎంచుకోండి' అనకండి. చివరిదాకా మిగిలిపోయేది ఎవరో అందరికీ ముందే తెలుసు. చీట్లు వేయడం కూడా పూర్తిగా పనికిరాదు, అదృష్టం బాగోకపోతే ఒక జట్టులో శిబిరం పిల్ల ఒక్కతే పడుతుంది.

ఇరవై నాలుగు మందిలో పది మంది శిబిరం వాళ్లు, పద్నాలుగు మంది వాడ వాళ్లు అనుకోండి. ఆరుగురి జట్లు నాలుగు. రెండు జట్లలో ముగ్గురేసి, రెండు జట్లలో ఇద్దరేసి శిబిరం పిల్లలు వచ్చేలా మీరే పట్టిక వేయండి. ఏ జట్టులోనూ ఒంటరిగా ఒక్కరు ఉండకూడదు. అది అమ్మాయిలకూ వర్తిస్తుంది, తమిళం రాని తెలుగు పిల్లలకూ వర్తిస్తుంది. బాగా ఆడేవాళ్లను నాలుగు జట్లకూ సమానంగా పంచండి. ఆ జట్లను ఆరు వారాలు కదపకండి. ప్రతివారం మార్చేస్తే పేర్లే నోటికి రావు.

ఇది ఊహ కాదు. సల్మా మూసా అనే పరిశోధకురాలు ఇరాక్‌లో చేసిన ప్రయోగం 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఐసిస్ దాడుల్లో చెల్లాచెదురైన క్రైస్తవుల జట్లలో కొన్నింటికి ముస్లిం ఆటగాళ్లను, కొన్నింటికి క్రైస్తవులనే అదనంగా కలిపి లీగు నడిపారు. ముస్లింలతో కలిసి ఆడినవాళ్లు ఆరునెలల తర్వాత కూడా కలిసి సాధన చేయడానికి ఎక్కువగా ముందుకొచ్చారు. కానీ మైదానం బయట, ముక్కూమొహం తెలియని ముస్లింల విషయంలో వాళ్ల తీరు పెద్దగా మారలేదు. ఒకే జట్టులో ఉంటేనే ఫలితం, ఆ ఫలితం కూడా దానంతటదే వీధిలోకి పాకదు. ఈ రెండూ గుర్తుంటే, ప్రపంచ శరణార్థి దినమని జూన్ 20న 'శరణార్థులు వర్సెస్ స్థానికులు' అనే బ్యానరు కట్టి మ్యాచ్ పెట్టే పొరపాటు చేయరు. ఫొటో బాగా వస్తుంది, అంతకుమించి ఏమీ రాదు.

మాట

శ్రీలంక తమిళం, చెన్నై తమిళం, తెలుగు మూడూ ఒక కోర్టులో పడితే నవ్వులూ పుడతాయి, తగాదాలూ పుడతాయి. తెలుగు పిల్లవాడు 'కుడి, కుడి' అని అరిస్తే తమిళ పిల్లలకు 'తాగు, తాగు' అని వినబడుతుంది. శ్రీలంక తమిళంలో మాట్లాడుకోవడాన్ని 'కదైక్క' అంటారు. 'కదైప్పోమ్' అంటే చెన్నై పిల్లలు, తెలుగు పిల్లలు ఇద్దరూ కథ చెబుతారేమో అనుకుంటారు. మొదటి వారమే ఈ తికమకలను ఆటగా మార్చండి. అందరికీ ఒకటేగా ఉన్న మాటలు పట్టుకోండి: అన్నా, అక్కా, పో, తప్పు. లెఫ్ట్, రైట్, పాస్ అందరికీ తెలుసు. ఆపమనడానికి తమిళ 'నిల్లు' తెలుగు పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. మిమ్మల్ని సార్, మేడమ్ అనొద్దని చెప్పండి. అన్న, అక్క రెండు భాషల్లోనూ ఉన్నాయి, ఆ వరుస కలపడం తేలిక.

తొంభై నిమిషాలు

మొదటి పది నిమిషాలు: వచ్చినవాళ్లు వచ్చినట్టు ఇద్దరిద్దరుగా బంతి తీసుకుని తన్నుకోవాలి. అందరూ వచ్చేదాకా ఎవరినీ నిలబెట్టకండి.

తర్వాత పదిహేను నిమిషాలు పేర్ల ఆట. జట్టు గుండ్రంగా నిలబడాలి, పాస్ ఇచ్చే ముందు అందుకునేవాళ్ల పేరు పిలవాలి. పేరు తప్పితే బంతి మళ్లీ మొదటి మనిషి దగ్గరికి. రెండో వారం నుంచి రెండు బంతులు. పేరు పలకడం రాక 'ఏయ్, ఏయ్' అనే అలవాటు ఇక్కడే తెగిపోవాలి.

ఇరవై నిమిషాలు నైపుణ్యం. ఆరుగురిలో నలుగురు చదరంగా నిలబడి పాసులు ఇచ్చుకుంటే మధ్యలో ఇద్దరు లాక్కోవాలి. చదరం భుజం ఎనిమిది మీటర్లు. చిన్నది చేస్తే కొత్తవాళ్ల దగ్గర బంతి ఆగదు, పెద్దది చేస్తే మధ్యలోవాళ్లు పరిగెత్తి అలిసిపోతారు. మధ్యలోకి వెళ్లే ఇద్దరిలో ఒకరు శిబిరం, ఒకరు వాడ. వాళ్లిద్దరూ మాట్లాడుకోకపోతే బంతి దొరకదు. మీరు చేసే ఉపదేశం కంటే ఈ చదరం ఎక్కువ పని చేస్తుంది. పన్నెండేళ్ల లోపు వాళ్లకు తలతో కొట్టడం నేర్పకండి.

మిగిలిన సమయం మూడు భాగాల ఆటకు. దీని వెనుక చరిత్ర ఉంది. 1994 ప్రపంచకప్‌లో పొరపాటున సొంత గోల్లోకి బంతి పంపిన కొలంబియా ఆటగాడు ఆండ్రెస్ ఎస్కోబార్‌ను కొద్ది రోజులకే, జూలై 2న, మెడెయిన్ నగరంలో కాల్చి చంపారు. ఆ తర్వాత అదే నగరంలో వాడల ముఠాల కుర్రాళ్లను కలిపి యూర్గెన్ గ్రీస్‌బెక్ మొదలుపెట్టిన శాంతి ఫుట్‌బాల్ నుంచి ఈ పద్ధతి పుట్టింది. అక్కడ తొలి గోలు అమ్మాయే కొట్టాలనే నియమం ఉండేది. రిఫరీ ఉండడు. ఆటకు ముందు రెండు జట్లూ కూర్చుని నియమాలు ఒప్పుకుంటాయి, ఆడతాయి, ఆ తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటాయి.

మీ మైదానంలో ఇలా చేయండి. ఐదు నిమిషాలు నియమాలకు. ప్రతి వారం పిల్లలు రెండు కొత్త నియమాలు పెట్టుకోవచ్చు, మూడోది మీది. 'గోలుకు ముందు ముగ్గురు తాకాలి', 'పడినవాళ్లను లేపకుండా ఆట సాగకూడదు' లాంటివి. నాలుగు జట్లు, రెండు కోర్టులు, ఏడేసి నిమిషాల మూడు రౌండ్లు. అందరూ అందరితో ఆడేస్తారు, మధ్యలో మారడానికి రెండేసి నిమిషాలు. ఐదుగురు ఆడతారు, ఆరోవాళ్లు మూడున్నర నిమిషానికి మారతారు. కోర్టు పక్కన నిలబడే పెద్దవాళ్లు తీర్పు చెప్పకూడదు. గొడవ వస్తే ఆట ఆపి, 'మీరేం ఒప్పుకున్నారు?' అని మాత్రమే అడగాలి.

పాయింట్లు: గెలిస్తే మూడు, సమమైతే రెండు, ఓడితే ఒకటి. ఆ పైన ఎదుటి జట్టు సున్నా నుంచి మూడు వరకు మర్యాద పాయింట్లు ఇస్తుంది. ఎందుకిచ్చారో ఒక్క ఉదాహరణ చెప్పాలి. మొదటి రెండు వారాలు అందరూ అందరికీ మూడే ఇస్తారు. మూడో వారం నుంచి నిజాలు బయటికొస్తాయి. ఈ చివరి పన్నెండు నిమిషాలే పొద్దుపోయిందని అందరూ కోసేసే భాగం. ఆట తగ్గించండి కానీ దీన్ని తగ్గించకండి. వరుసగా రెండు వారాలు ఎగ్గొడితే మీరు నడిపేది మామూలు కోచింగ్ క్యాంపు అయిపోతుంది.

ఆటయ్యాక సుండల్, మన గుగ్గిళ్లే. కిలో శనగలు ఎనిమిది గంటలు నానబెట్టి ఉడికిస్తే రెండు కిలోల పైన అవుతాయి, ఇరవై నాలుగు మందికి సరిపోతాయి. మాంసాహారం పెట్టకపోతే హలాల్ ప్రశ్నా రాదు, ఇంట్లో తినని పిల్లలకు ఇబ్బందీ ఉండదు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న పిల్లలుంటే ఆ నెల కసరత్తు తగ్గించి తినేది పొట్లం కట్టి ఇవ్వండి.

ఆడపిల్లలు రావాలంటే

రమ్మని పిలిస్తే రారు, వచ్చేలా ఏర్పాటు చేస్తే వస్తారు. మరుగుదొడ్డికి గడియ ఉందా అని మీరే వెళ్లి చూడండి. షార్ట్సు తప్పనిసరి అనకండి, ట్రాక్ ప్యాంటు, లెగ్గింగ్సు, తలకు గుడ్డ ఏదైనా సరే. ముందు ఆరు వారాలు అమ్మాయిలకు విడిగా, చుట్టూ గుంపు చేరని వేళలో ఆడించి తర్వాత కలపండి. తొలిరోజు నుంచే కలిపితే బంతి వాళ్ల కాలికి తగలదు, మూడో వారానికి 'ఇంట్లో పనుంది' అంటారు. పొద్దు వాలక ముందే ఇంటికి చేర్చాలి. ఒకే వీధి పిల్లలను గుంపుగా పంపి, వెంట ఒక అక్కను పంపండి.

తిట్లు

రెండు మాటలు మీ మైదానంలో తప్పకుండా వినబడతాయి: 'అగది', అంటే శరణార్థి అనే అర్థంలో వెక్కిరింపు, 'గొల్టి', అంటే తెలుగువాళ్లను చెన్నైలో వెక్కిరించే మాట. రెండింటినీ ఒకే రోజు, ఒకే నియమంలో నిషేధించండి. మొదటి మాట ఒక్కదాన్నే ఆపితే శిబిరం పిల్లల తరఫున మీరు వకాల్తా పుచ్చుకున్నట్టు ఉంటుంది. రెండూ కలిపితే తెలుగు పిల్లలకు విషయం చెప్పకుండానే అర్థమవుతుంది. అన్నవాళ్లు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, జట్టుకు మర్యాద పాయింట్లు సున్నా. నలుగురిలో నిలబెట్టి క్షమాపణ చెప్పించడం వద్దు, ఆ అవమానం మైదానం బయట బదులు తీర్చుకుంటుంది.

మౌనంగా ఉండే పిల్లలు

ఈమధ్య వచ్చిన కుటుంబాల పిల్లలు, రోహింగ్యా పిల్లలు కొందరు పెద్ద శబ్దానికి బిగుసుకుపోవచ్చు. విజిల్ బదులు చప్పట్లు వాడండి. దీపావళి వారం సాయంత్రాలు ఆట పెట్టకండి. కోర్టు పక్కన ఒక చాప పరిచి, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చని, కారణం చెప్పక్కర్లేదని అందరికీ చెప్పండి. స్థానిక పిల్లలూ దాన్ని వాడుకుంటారు, అదే మంచిది. ఏం జరిగిందో తవ్వి అడగకండి, మీరు కోచ్‌లు. నిద్ర పట్టడం లేదనో, బతకాలని లేదనో పిల్లలు అంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడతారు.

పిల్లల రక్షణకు మినహాయింపులు లేవు. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ, పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకూడదు, బండి మీద దింపకూడదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం పోలీసులకు చెప్పడం మీ బాధ్యత, 'లోపల సర్దుకుందాం' అనే వీలు లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఫొటోలు తీస్తే ముఖాలు కనబడకుండా, స్థలం పేరు లేకుండా పెట్టండి. పైన రోహింగ్యా కుటుంబాలు ఏ ఊళ్లో ఉన్నాయో మేం రాయకపోవడానికీ కారణం ఇదే.

గీత దాటించడం

ఇరాక్ ప్రయోగం చెప్పిన రెండో సంగతికి మందు ఇక్కడ. నెలకోసారి తల్లులను పిలవండి, ఉపన్యాసానికి కాదు, బిబ్బులు కుట్టడానికో సుండల్ వండటానికో. పనేదీ లేకుండా కూర్చోబెడితే రెండు వరసలుగా కూర్చుంటారు. ఆరు వారాల తర్వాత మిశ్రమ జట్టును వాడల టోర్నమెంటుకు తీసుకెళ్లండి. ఉత్తర చెన్నైకి ఫుట్‌బాల్ కొత్త కాదు. వ్యాసర్పాడి, పెరంబూరు వైపు వారాంతాల్లో పోటీలు జరుగుతూనే ఉంటాయి. పేరు ఇచ్చే ముందు వయసు రుజువు ఏది అడుగుతారో కనుక్కోండి. జనన ధ్రువపత్రం చాలంటే ఇక్కడ పుట్టినవాళ్లకు ఇబ్బంది లేదు. ఆధారే కావాలంటే నిర్వాహకులతో ముందే మాట్లాడి బడి గుర్తింపు కార్డుకు ఒప్పించండి, ఒప్పుకోకపోతే ఆ టోర్నమెంటుకు ఎవరూ వెళ్లొద్దు. గేటు దగ్గర ఇద్దరిని వెనక్కి పంపి మిగతావాళ్లను ఆడించడం కంటే పెద్ద దెబ్బ లేదు. జట్టుకు పేరు పిల్లలే పెట్టాలి, అందులో 'ఐక్యత', 'శాంతి' లాంటివి రాకుండా మీరు ఆపితే చాలు.

పని జరుగుతోందా

హాజరు పట్టీ అబద్ధం చెప్పదు. మూడు వారాలకు ఎవరు మానేశారో చూడండి. మానేసినవాళ్లంతా ఒకే వైపు వాళ్లైతే ఆట వేళో, జట్లో తప్పు. దానికంటే సూక్ష్మమైన కొలత పాసుల లెక్క. కోర్టులో ఇద్దరు శిబిరం వాళ్లు, ముగ్గురు వాడ వాళ్లు ఉన్నప్పుడు ఐదు నిమిషాలు ఎవరు ఎవరికి ఇచ్చారో గీతలు పెట్టండి. ఏ పక్షపాతమూ లేకపోతే వాడ పిల్లలిచ్చే పాసుల్లో దాదాపు సగం శిబిరం పిల్లలకు వెళ్లాలి, ఎందుకంటే ప్రతి వాడ పిల్లకూ ఉన్న నలుగురు సహచరుల్లో ఇద్దరు శిబిరం వాళ్లే. నూటికి పది, ఇరవై దగ్గరే ఆగిపోతే 'గోలుకు ముందు ముగ్గురు తాకాలి' అనే నియమాన్ని 'ఐదుగురూ తాకాలి' అని మార్చి రెండు వారాలు ఆడించండి, మళ్లీ లెక్కపెట్టండి. మూడో కొలతకు పెన్ను అక్కర్లేదు. ఆటయ్యాక గేటు దాటేటప్పుడు ఎవరు ఎవరితో నడుస్తున్నారో చూడండి.

ఏడాది తిరిగేసరికి పదహారు, పదిహేడేళ్ల వాళ్లలో శిబిరం నుంచి ఇద్దరిని, వాడ నుంచి ఇద్దరిని సహాయ కోచ్‌లుగా తీసుకోండి. దారిఖర్చు నలుగురికీ ఒకే మొత్తం, ఒకే రోజు. జట్ల పట్టిక వేయడం ముందు వాళ్లకు నేర్పండి, డ్రిల్లులు తర్వాత. సామాను గది తాళంచెవులు రెండు చేయించి ఒకటి శిబిరం వైపు, ఒకటి వాడ వైపు ఉంచండి. తాళాలు కూడా రెండు వేయండి. రెండు చెవులూ వస్తేనే తలుపు తెరుచుకోవాలి.